ఏది తేలికండీ?



విజయదశమి దగ్గర పడుతోందంటే సంగీతం చెప్పేవాళ్ళ ఇళ్ళకు ఫోన్లు మొదలవుతాయి. "మా అమ్మాయికి ఎనిమిదో ఏడండీ, ఏదైనా వాద్యం నేర్పిద్దామనుకుంటున్నాం" అని ఒకరు, "రిటైరయ్యానండీ, ఎప్పటినుంచో కోరిక" అని ఇంకొకరు. కాసేపు అటూ ఇటూ మాట్లాడాక అందరూ వచ్చి ఆగేది ఒక్క ప్రశ్న దగ్గరే. "ఇంతకీ ఏది తేలికండీ?"

తేలికైన వాద్యమంటూ లేదు. అలాగని అన్నీ ఒకేలా కష్టపెట్టవు. కొన్ని మొదటిరోజే కళ్ళనీళ్ళు తెప్పిస్తాయి. కొన్ని మూడు నాలుగేళ్ళు నవ్వుతూ నడిపించి, ఆ తర్వాత నిలదీస్తాయి. ఏ వాద్యం తన కష్టాన్ని ఎక్కడ పెట్టుకుందో ముందే తెలిస్తే, అది మనం ఓర్చుకోగలిగిన చోటా కాదా అని చూసుకోవచ్చు. ఈ పూట మాట్లాడబోయేది దాని గురించే.

కీబోర్డుతో మొదలుపెడదాం. ఇవాళ పట్టణాల్లో ఎక్కువమంది పిల్లల చేతికి ముందు వచ్చేది అదే కదా. మీట నొక్కితే స్వరం పలుకుతుంది. నొక్కింది ఆరేళ్ళ పిల్లాడైనా, మహా విద్వాంసుడైనా అదే షడ్జమం, అదే పంచమం. స్వరాన్ని సరిచూసే పని ఫ్యాక్టరీలోనే అయిపోయింది. అందుకే నెల తిరిగేసరికి పిల్లలు సినిమా పాట పల్లవి వాయించేస్తారు. చుట్టాల ముందు కూర్చోబెట్టి వాయింపించవచ్చు. ఇందులో చిన్నతనమేమీ లేదు. సినిమా సంగీతం, లలిత సంగీతం, పాశ్చాత్య సంగీతం వైపు మనసున్నవాళ్ళకు కీబోర్డు చక్కటి దారి. రెండు చేతులూ రెండు పనులు చేయడం, మూడు నాలుగు స్వరాలు ఒకేసారి పలికించడం మన సంప్రదాయ వాద్యాలు నేర్పని విద్య.

దాని కష్టం తర్వాత వస్తుంది. తోడి రాగంలో గాంధారం ఒక్కచోట నిలబడదు, ఊగుతుంది. మీటకూ మీటకూ మధ్య ఉన్న ఆ జాగాలోకి కీబోర్డులో వెళ్ళాలంటే పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పుతూ నానా తంటాలు పడాలి. దాన్ని సాధించినవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ వాళ్ళంతా గమకాన్ని ముందు గొంతులోనో ఇంకో వాద్యం మీదో ఒంటబట్టించుకున్నవాళ్ళే.

రేడియోలో కూర్చుని మాట్లాడుతున్నాను కాబట్టి ఒక పాత సంగతి చెప్పాలి. మీటల వాద్యాల మీద ఉన్న ఈ అభ్యంతరం వల్లే 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని బయటపెట్టింది. మన రాగాల వంపులు దానిమీద పలకవన్నది వాదన. మళ్ళీ లోపలికి రానివ్వడం మొదలైంది 1971లో, అదీ షరతులతో. ఆ ముప్ఫై ఏళ్ళూ మన ఊళ్ళలో పద్యనాటకం మాత్రం హార్మోనియం లేకుండా ఒక్కరాత్రి కూడా గడవలేదు. రాగం తీసే నటుడికి శ్రుతి అందించి, ఊపిరి తీసుకునే వ్యవధిలో రాగాన్ని జారిపోకుండా పట్టుకున్నది ఆ పెట్టే. వాద్యానికి తగిన చోటు అంటూ ఒకటి ఉంటుంది. ఆ చోట చూడకుండా తీర్పు చెప్పకూడదు.

ఇక వయొలిన్. కీబోర్డుకు పూర్తిగా ఎదురు. మెట్లుండవు, మీటలుండవు, గుర్తులుండవు. నల్లటి పలక, నాలుగు తీగలు, అంతే. మన పద్ధతిలో వాటిని స, ప, స, ప అని శ్రుతి చేసుకుంటాం. వేలు నూలుపోగంత అటు జరిగితే అపస్వరం, ఇటు జరిగితే అపస్వరం. దీనికి తోడు కుడిచేతిలో కమాను. కమాను నిలకడగా నడిపితే తప్ప నాదం రాదు. గట్టిగా నొక్కితే గీరుతుంది, వదులుగా పడితే జారిపోతుంది. మొదటి ఆరు నెలలు ఇంట్లోవాళ్ళకు కూడా పరీక్షే. వయొలిన్ కష్టమంతా మొదట్లోనే ఉంది. ఆ మొదటి ఏడు దాటినవాళ్ళకు మాత్రం అది దాచుకునేది ఏమీ ఉండదు. మనిషి గొంతు ఎక్కడెక్కడికి వెళ్తుందో అక్కడికల్లా వెళ్తుంది.

మన తెలుగువాళ్ళకు వయొలిన్ అనగానే ద్వారం వెంకటస్వామినాయుడుగారు గుర్తొస్తారు. 1893లో పుట్టారు. చిన్నతనం నుంచీ చూపు తక్కువ, బడి చదువు సాగలేదు. అన్నగారి దగ్గర వయొలిన్ పట్టుకున్నారు. 1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షుణ్ణి చేశారు. అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్ళిన నాయుడుగారి వాయిద్యం విని అధ్యాపకుడిగా తీసుకున్నారని చెబుతారు. పాటకు పక్కన కూర్చునే వాద్యాన్ని వేదిక మధ్యకు తెచ్చి ఒంటరిగా కచేరీలు చేశారాయన. చూపు ఆనని మనిషికి గుర్తులే లేని వాద్యం వశమైందంటే, వయొలిన్‌కు ఏం కావాలో ఇంతకన్నా చెప్పక్కర్లేదు. చెవి కావాలి. మీ పిల్లాడు పాట వింటూ "ఇక్కడ తప్పు పాడాడు" అని పట్టుకోగలుగుతున్నాడా? అయితే వయొలిన్ ఆలోచించండి. అపస్వరం వినబడని పిల్లలకు వయొలిన్ ఇస్తే వాళ్ళు హాయిగానే ఉంటారు, వినేవాళ్ళే ఉండలేరు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. వయొలిన్లు పావు, అర, ముప్పావు, పూర్తి అని సైజుల్లో వస్తాయి. "ఎదిగే పిల్ల కదా, పెద్దదే కొనేద్దాం" అంటారు పెద్దవాళ్ళు. వయొలిన్ కొనడం చెప్పులు కొన్నట్టు. పాదానికి మించిన జోడు వేస్తే నడకే పాడవుతుంది. పెద్ద వయొలిన్ మీద చిటికెనవేలు అందక, మణికట్టు వంచి వాయించడం అలవాటైతే అది వదిలించడానికి తర్వాత ఏళ్ళు పడుతుంది.

వీణ దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమీ అనుకోకండి.

విజయనగరం జిల్లాలో బొబ్బిలి పక్కన గొల్లపల్లి అనే ఊరుంది. సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు తరతరాలుగా అక్కడ వీణలు చేస్తున్నాయి. కర్ర పనస. కుండ, దండి, యాళి తల అన్నీ ఒకే మానులోంచి తొలిస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. చెక్కడం చూడముచ్చటగానే ఉంటుంది కానీ, వీణకు ప్రాణం పోసేది ఆ తర్వాతి పని. మేళం కట్టడం. దండికి రెండువైపులా నల్లటి మైనం గట్లు పోస్తారు. తేనెమైనంలో బొగ్గుపొడి లాంటివి కలిపి కాచిన ముద్ద అది. ఆ గట్ల మీద ఇరవై నాలుగు మెట్లు ఒక్కొక్కటిగా నిలబెట్టాలి. మెట్టు వేడిచేసి మైనంలో ఆనించి, తీగ మీటి, చెవి దగ్గర పెట్టి వింటాడు మేళం కట్టేవాడు. కొంచెం ఎక్కువ పలికితే మెట్టును బిరడల వైపు వెంట్రుకవాసి జరుపుతాడు. మళ్ళీ మీటుతాడు. పక్క తీగ మీద అదే మెట్టు ఎలా పలుకుతోందో చూస్తాడు. అక్కడ సరిపోతే ఇక్కడ తేడా వస్తుంది. ఇరవై నాలుగు మెట్లూ నాలుగు తీగల మీదా ఒప్పుకునేదాకా ఇదే పని. ఈ మధ్య శ్రుతి చూసే మీటర్లు వచ్చాయి కానీ, ఆఖరి మాట చెప్పేది మాత్రం చెవే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వీణ మీద సగం స్వరం మేళం కట్టినవాడు ఇస్తాడు. మెట్టు మీద వేలుపెట్టి మీటితే స్వరం దాని చోటున అది పలుకుతుంది. కాబట్టి మొదలు సుఖంగానే ఉంటుంది. సరళి, జంట స్వరాలు నేర్చుకునే రోజుల్లో కూడా వినడానికి ఇంపుగా ఉండే వాద్యం ఇదొక్కటేనేమో. మిగతా సగం మనదే. అదే మెట్టు మీద తీగను పక్కకు లాగితే స్వరం పైకి వెళ్తుంది. ఎంత లాగాలి, ఎప్పుడు వదలాలి, వదిలేటప్పుడు ఎలా వదలాలి అన్నదాంట్లో గమకమంతా ఉంది. వీణ కష్టం ఆ లాగుడు దగ్గర, అంటే రెండో ఏడూ మూడో ఏడూ వస్తుంది. గీతాలు దాటి వర్ణాల్లోకి వచ్చిన పిల్లలు "ఇన్నాళ్ళూ బాగానే వాయించానే, ఇప్పుడేమిటి ఇలా" అని బెంగపడేది అప్పుడే. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు కొసలు ముందు ఎర్రబడతాయి, తర్వాత గీతలు పడతాయి, చివరికి కాయలు కాస్తాయి. కాయ కాసేదాకా ఓర్చుకోవాలి. నెల రోజులు వీణ ముట్టకపోతే కాయ మెత్తబడి కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంకో మాట. వీణ నాదం చిన్నది. మీటాక క్రమంగా సన్నబడి మౌనంలోకి పోతుంది. ఆ సన్నదనం కొందరికి ప్రాణం, కొందరికి విసుగు. పిల్లలకు రెండు వీణ రికార్డులు వినిపించండి. ఒకటి ఈమని శంకరశాస్త్రిగారిది, ఒకటి ఆయన శిష్యుడు చిట్టిబాబుగారిది. రెండూ వీణలే, చేతులు వేరు. గురువుది నిదానించి లోతుకు వెళ్ళే చెయ్యి. శిష్యుడి వీణ మీద కోయిల కూడా కూసింది. కదలకుండా విన్నారా, మధ్యలో లేచిపోయారా అన్నది చూడండి. నాకు తెలిసి ఇంతకంటే నమ్మదగిన ప్రవేశపరీక్ష లేదు.

వేణువు గురించి క్లుప్తంగా. చవకైన వాద్యం, సంచిలో పట్టేది, శ్రుతి చేసుకునే పని లేనిది. దాని కష్టం మొదటి వారంలోనే ఉంది. ఊదితే గాలి వస్తుంది, నాదం రాదు. పెదవి వంపు కుదరక, బలమంతా పెట్టి ఊది, కళ్ళు తిరిగి కూర్చుంటారు. ఒకరికి తొలిరోజే పలుకుతుంది, ఇంకొకరికి పక్షం పడుతుంది. దీన్నిబట్టి ఎవరికెంత సంగీతం వస్తుందో చెప్పలేం. పలికాక ఇంకో సంగతి తెలుస్తుంది. మన కర్ణాటక వేణువుకు వేళ్ళ కిందికి ఎనిమిది రంధ్రాలు. రంధ్రాన్ని సగం మూస్తే ఒక స్వరం, పూర్తిగా మూస్తే ఇంకొకటి. ఊపిరి బలాన్నిబట్టి అది కూడా కదులుతుంది. పిల్లలకు పొట్టి వేణువు ఇవ్వాలి. పొట్టిదైతే శ్రుతి హెచ్చుగా ఉంటుంది, వేళ్ళు అందుతాయి. తిరునాళ్ళలో కొన్న రంగురంగుల పిల్లనగ్రోవితో పాఠానికి మాత్రం వెళ్ళకండి. దానిమీద రంధ్రాలు లెక్కకు ఉంటాయి గాని శ్రుతికి ఉండవు.

మృదంగం అంటే అమ్మానాన్నలు ముందు అపార్ట్‌మెంటు గురించి ఆలోచిస్తారు. న్యాయమే. కాకపోతే మృదంగం సగం నోటితో నేర్చుకునే విద్య. త, ధి, తొం, నం అని చెప్పుకుంటూ, చేత్తో తాళం వేస్తూ చేసే సాధకానికి పక్కింటివాళ్ళు తలుపు కొట్టరు. కుదురుగా కూర్చోలేడు, ఎప్పుడూ బల్లమీద దరువేస్తుంటాడు అని మీరు విసుక్కునే కుర్రాడున్నాడే, వాడికి ముందు ఈ దారి చూపించండి. మృదంగానికి సేవ ఎక్కువ. ఎడమవైపు తొప్పికి వాయించే ముందు రవ్వ తడిపి ముద్ద పెట్టాలి, అయ్యాక గీకేయాలి. వానాకాలం తోలు సాగుతుంది, ఎండాకాలం బిగుస్తుంది. ఈ చాకిరీ ఇష్టంగా చేసే పిల్లలు మృదంగంలో నిలబడతారు.

ఇప్పటిదాకా మనం ఎంచుకోవడం గురించి మాట్లాడుకుంటున్నాం. నిజానికి ఎంచుకోవడమన్నది కొత్త సంగతి. మన తాతల కాలంలో వాద్యాన్ని మనిషి ఎంచుకోలేదు. పుట్టిన ఇల్లే ఎంచిపెట్టింది. సన్నాయి, డోలు కొన్ని కులాలవి. డప్పు ఇంకొకరిది, కిన్నెర మరొకరిది. వీణ అగ్రహారాల్లోనూ జమీందార్ల లోగిళ్ళలోనూ ఆడపిల్లలకు నేర్పేవారు. పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన వాయించాక చాలామంది వీణలు అటక ఎక్కాయి. ఇవాళ ఎవరైనా ఏదైనా నేర్చుకోవచ్చు. అయినా సంగీతం చెప్పేవాళ్ళకు వచ్చే ఫోన్లలో సన్నాయి ఊసే ఉండదు. సన్నాయి లేకుండా ఇంట్లో పెళ్ళి చేయం, సన్నాయి నేర్చుకోమని ఇంట్లో పిల్లాడికి చెప్పం. కరవది గ్రామంలో పుట్టిన షేక్ చిన మౌలానాగారు తంజావూరు బాణీ పట్టి, శ్రీరంగంలో స్థిరపడి, మద్రాసు సంగీత అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన శిష్యులు మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2021లో పద్మశ్రీ వచ్చింది. అంత ఊపిరి పట్టే వాద్యాన్ని ఆడవాళ్ళేం వాయిస్తారన్నవాళ్ళకు కాలీషాబీగారి కచేరీయే జవాబు. మరుసటి ఏడు, 2022లో, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యగారికి పద్మశ్రీ ఇచ్చారు. ఆ కిన్నెరను ఆ పూటకు లోకమంతా చూసింది. నేర్చుకుంటామని ఎంతమంది వెళ్ళారన్నది వేరే సంగతి. మీ ఊళ్ళో సన్నాయి విద్వాంసుడుంటే ఒక్కసారి వెళ్ళి అడిగి చూడండి. మీ పిల్లాడికి పాఠం చెప్పమని ఆయన్ను ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు.

వాద్యం కుదిరాక గురువు. "మా దగ్గర ఆ వాద్యం చెప్పేవాళ్ళు లేరండీ" అని చాలామంది అక్కడే ఆగిపోతారు. వాళ్ళకు నేను పాలకొల్లు సంగతి చెబుతుంటాను. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ళ వయసులో నాన్నగారి మాండలిన్ చేతికి తీసుకున్నాడు. మాండలిన్ మీద కర్ణాటక సంగీతం చెప్పేవాళ్ళు అప్పటికి ఎవరున్నారు? గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యం వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని మాండలిన్ మీద వెతుక్కునేవాడు. ఆ వెతుకులాటలోనే మాండలిన్‌కు కొత్త చెయ్యి పుట్టింది. తొమ్మిదేళ్ళకే గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశాడు. జతల తీగల పాత మాండలిన్ గమకానికి చాలదని, తర్వాత అయిదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించాడు.

అందరి పిల్లలూ శ్రీనివాస్‌లు కారు, ఆ మాట వేరే చెప్పనక్కర్లేదు. గురువును వెతికేటప్పుడు ఏం చూడాలో మాత్రం ఈ కథలో ఉంది. ఆ ఇంటికి వెళ్ళి ఒక పాఠం జరుగుతున్నంతసేపూ ఓ మూల కూర్చోండి. గురువు పాడి చెబుతున్నారా? పిల్లల చేత ముందు పాడించి, తర్వాత వాయింపిస్తున్నారా? పుస్తకంలో స, రి, గ చూపించి "ఇది నొక్కు, అది నొక్కు" అంటున్నారా? పాడించే గురువు దొరికితే వాద్యం విషయంలో ఒక మెట్టు దిగైనా సరే అక్కడే చేర్పించండి. విజయనగరం, విజయవాడ, హైదరాబాద్, వరంగల్ లాంటిచోట్ల ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి, ఫీజులు తక్కువ. అక్కడికి వెళ్ళి అడగడానికి మొహమాటపడకండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఇక్కడి గురువుల దగ్గర ఆన్‌లైన్లో నేర్చుకునే మన పిల్లలకు ఒక్క ఇబ్బంది ఉంది. నెట్‌లో మాట చేరడానికి కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి గురువూ శిష్యుడూ కలిసి ఒకే తాళంలో వాయించలేరు. గురువు వాయించిన తర్వాత శిష్యుడు వాయించాలి. కాబట్టి మృదంగం లాంటి లయవాద్యానికి వారానికి ఒక్కసారైనా ఎదురుగా కూర్చోగలిగే గురువును దగ్గర్లో వెతుక్కోవడం మేలు.

పెద్దవయసులో మొదలుపెట్టేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది మోకాళ్ళు. వీణకైనా, మన పద్ధతి వయొలిన్‌కైనా నేలమీద బాసింపట్టు వేసుకుని కనీసం అరగంట కూర్చోగలగాలి. కుదరకపోతే వీణను స్టాండు మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుని వాయించవచ్చు. దానికి చిన్నబుచ్చుకోవలసిందేమీ లేదు. వేణువుకు ఈ బాధ లేదు. చెవి మాత్రం పెద్దవాళ్ళకే ఎక్కువ తయారై ఉంటుంది. నలభై ఏళ్ళు పాటలు విన్న చెవి అది. చిక్కల్లా అక్కడే. చెవి అడిగింది వేళ్ళు ఇవ్వలేవు, దాంతో చిరాకు. ఆ చిరాకు పిల్లలకు ఉండదు.

కొత్త వాద్యం వెంటనే కొనకండి. మొదటి మూడు నెలలు గురువుగారి దగ్గరున్నదో, ఎవరైనా పక్కన పెట్టేసినదో అడిగి తెచ్చుకోండి. అటక మీద అమ్మమ్మగారి వీణ ఉందనుకోండి, దించి ఇలా చూడండి. తీగలు తెగిపోయి ఉంటే దిగులు లేదు, కొత్తవి వేసుకోవచ్చు. మైనం ఎండి పగుళ్ళిచ్చినా, మెట్లు ఊడినా మళ్ళీ మేళం కట్టించవచ్చు. సొరబుర్ర పగిలితే వేరేది తగిలిస్తారు. బిరడలు జారుతుంటే సుద్ద రాస్తే చాలాసార్లు నిలుస్తాయి. చూడాల్సింది దండి. వీణను కంటి ఎత్తుకు పట్టుకుని ఒక కొసనుంచి రెండో కొసకు చూపు సారించండి. దండి వంగి ఉంటే దానిమీద డబ్బు పోయకండి, గోడకు అలంకారంగా ఉంచండి. తిన్నగా ఉంటే కుండ మీద వేళ్ళతో తట్టి వినండి. బరబరమంటే ఎక్కడో అతుకు వదిలిందన్నమాట, అది బాగుచేసే పనివాళ్ళున్నారు. బాగుచేయించి తెచ్చాక ఎండలో ఆపిన కారులో మాత్రం ఉంచకండి. ఒక్క మధ్యాహ్నానికి మైనం మెత్తబడి, ఇరవై నాలుగు మెట్లూ తలా ఒక వైపుకు ఒరుగుతాయి.